ఫ్రెంచ్ ఓరల్ పరీక్షకి ఫోన్‌లో వాయిస్ టైపింగ్: ఏడాదికి పైగా వాడాక

కీబోర్డులో మైక్ బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయని అందరికీ తెలుసు కాబట్టి అది ఎలా ఆన్ చేయాలో రాయను. భాషల్లో ఫ్రెంచ్ అని వెతికితే ఫ్రాన్స్, కెనడా, బెల్జియం, స్విట్జర్లాండ్ అని విడివిడిగా కనబడతాయి, ఫ్రాన్స్ పెట్టుకోండి, చాలు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. మనం నోటితో పలికిన సంఖ్యని ఇది అంకెల్లో రాసి చూపిస్తుంది. సొంతంగా వివరాలు సేకరించుకున్న టాపిక్ మీద ఓరల్ ఇవ్వాల్సినవాళ్లకి ఇంతకంటే పనికొచ్చేది నాకైతే దొరకలేదు.

డిగ్రీలో నా సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్. చివరి ఏడాది ఓరల్‌లో మనమే ఒక విషయం ఎంచుకుని, చదివి, కాగితం చూడకుండా చెప్పాలి, ఆ తర్వాత ప్రశ్నలు. మాది అమలాపురం దగ్గర కొబ్బరి తోటల ఊరు, అందుకని గోదావరి డెల్టాలో వరదలు, తుపాన్లు తీసుకున్నాను. దానికి రెండు సంవత్సరాలు ప్రాణం: 1986 ఆగస్టులో వచ్చిన పెద్ద వరద, 1996 నవంబరు 6న కోనసీమని ఊడ్చేసిన తుపాను. ఇప్పుడు ఈ రెండూ ఫ్రెంచ్‌లో చెప్పి చూడండి. ఫ్రాన్స్‌లో ఎనభై అంటే నాలుగు ఇరవైలు, దాని పక్కన ఆరు పెడితే ఎనభై ఆరు, పదహారు పెడితే తొంభై ఆరు. అంటే మొదటి నుంచి రెండూ ఒకటే, చివర్లో 'సీస్' అంటే ఆరు, 'సెజ్' అంటే పదహారు. (బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో తొంభైకి వేరే మాట ఉంది, వాళ్లకి ఈ బాధ లేదు.)

నేను 1996 తుపాను అన్న ప్రతిసారీ తెర మీద 1986 అని పడేది. నెమ్మదిగా చెప్పినా అంతే, గట్టిగా చెప్పినా అంతే. క్లాసులో మేడం ఎప్పుడూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే ఆవిడదీ కాకినాడే, తుపాను అన్న మాట వినగానే ఆవిడ చెవికి తొంభై ఆరే వినబడుతుంది, మా ఫ్రెండ్స్‌కీ అంతే, ఈ జిల్లాల్లో పుట్టినవాళ్లకి ఆ సంవత్సరం వేరే చెప్పక్కర్లేదు. ఫోన్‌కి ఆ తుపాను సంగతి ఏం తెలుసు? బయటినుంచి వచ్చే ఎగ్జామినర్‌కి కూడా తెలియదు, వరదా తుపానూ ఒకే ఏడాది వచ్చాయనుకుంటారు, ఆ పైన నేను పదేళ్ల తేడా గురించి చెప్పేదంతా గాలికి పోతుంది. గొంతు మీద వేలు పెట్టుకుని పలకడం మొదలుపెట్టాను, 'స్' అంటే గొంతు కదలదు, ఆ 'జ్' అంటే వేలికి అదురు తగులుతుంది, ముందున్న అచ్చు కూడా 'ఇ' వైపు పోకుండా నోరు కాస్త తెరవాలి. అరుగు మీద కూర్చుని ఆ ఒక్క ముక్కే అనుకుంటూ ఉంటే మొదట ఒకటీ అరా, తర్వాత వరసగా 1996 పడటం మొదలైంది.

అక్కడితో ఆగలేదు. 1986లో ధవళేశ్వరం దగ్గర వరద ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఫ్రెంచ్ వాళ్లకి లక్షా తెలియదు, క్యూసెక్కూ తెలియదు, కాబట్టి సెకనుకి ఘనపు మీటర్లలోకి మార్చాలి, మారిస్తే దాదాపు 99 వేలు. ఆ తొంభై తొమ్మిది అంటే నాలుగు ఇరవైలు, పది, తొమ్మిది! తడబడకుండా చెబితే 99 000 అని శుభ్రంగా పడింది, ఆ తెర పట్టుకెళ్లి నాన్నకి చూపించాను. పరీక్ష రోజు ఎగ్జామినర్ గారు కాగితం మీద 1986 అని, దాని కింద 1996 అని రాసుకోవడం నా కళ్లతో చూశాను, ఆ క్షణంలో నా టెన్షన్ సగం పోయింది.

విన్నది విన్నట్టు రాస్తుందన్నట్టుగా చెప్పాను గానీ, వాక్యాల దగ్గరికొస్తే అలా కాదు. ముందూ వెనకా చూసి ఊహించి సర్దేస్తుంది. కొబ్బరి చెట్లు పడిపోయాయి అన్నప్పుడు బహువచనం గుర్తులు చాలావరకు పలకడంలో వినబడవు, వాటిని అదే పెట్టేస్తుంది, కాబట్టి తెర మీద వాక్యం బాగుంది కదా అని మన వ్యాకరణం బాగున్నట్టు కాదు. సంవత్సరాల దగ్గర ఊహించడానికి దానికి పెద్దగా ఆధారం దొరకదు, అందుకే అక్కడ నమ్మొచ్చు. మధ్యలో మనం నసిగిందంతా మింగేసి రాస్తుంది, ఊపిరి తీసుకోవడానికి ఆగితే మైక్ ఆగిపోతుంది. ధవళేశ్వరం, అంతర్వేది లాంటి మన పేర్లు ఏవేవో ఫ్రెంచ్ మాటలుగా మారిపోతాయి, వాటి గురించి కంగారు పడొద్దు, పక్కన 'గోదావరి మీద ఆనకట్ట ఉన్న ఊరు' అని ఒక్క ముక్క చేర్చుకుంటే సరిపోతుంది. ధారగా చెబుతున్నామా లేదా అన్నదానికి మాత్రం మామూలు రికార్డరే నయం.

ప్రశ్నల భాగానికి ఇది అసలు పనికిరాదు. దానికి నాకు మా చెల్లి ఉంది. ఫ్రెంచ్ ముక్క రాదు దానికి, తెలుగులోనే అడిగేది, నేను ఫ్రెంచ్‌లో చెప్పేదాన్ని. "అక్కా, అన్ని చెట్లు పడిపోయాక మళ్లీ కొబ్బరే ఎందుకు వేశారు, కాపుకి అన్నేళ్లు పడుతుంది కదా?" అని అడిగింది ఒకసారి, ఏ పుస్తకంలోనూ నాకు అంత మంచి ప్రశ్న తగల్లేదు.

నా టాపిక్ నిండా సంవత్సరాలే కాబట్టి నాకు ఇంత కలిసొచ్చింది. మీరు సినిమాల మీదో వంటల మీదో తీసుకుంటే ఇందులో సగం లాభం కూడా ఉండకపోవచ్చు. డెల్ఫ్ బి2కి (ఫ్రెంచ్ ఎంత వచ్చో తేల్చే సర్టిఫికెట్ పరీక్షల్లో ఒక స్థాయి) వెళ్లేవాళ్ల సంగతి ఇంకా వేరు, అక్కడ టాపిక్ అప్పటికప్పుడు తీసిన కాగితంలోంచి వస్తుంది, తయారవడానికి 30 నిమిషాలు, మాట్లాడేది 20 నిమిషాల వరకు, ఇన్ని అంకెలు నోటికి తెచ్చుకునే అవసరం రాదు. నేను కూడా అది కడదామనుకుంటున్నాను, అప్పుడు దీన్ని ఇంతగా వాడతానో లేదో. మా వైపు వాళ్లయితే ఫ్రెంచ్ ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, వానాకాలంలో సిగ్నల్ పోతే ఆన్‌లైన్ మైక్ పనిచేయదు.