గ్రూపులో మెసేజా, ఎదుట కూర్చుని మాటా? సచివాలయ ఉద్యోగికి ఏది మేలు

గ్రామ సచివాలయాల్లో కొత్తగా చేరిన వ్యవసాయ సహాయకులు, సర్వేయర్లు ఖరీఫ్ వచ్చిందంటే తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. పక్క శాఖ ఉద్యోగితో పని పడినప్పుడు మండల వాట్సాప్ గ్రూపులో పెట్టడం మేలా, ఫోన్ చేయడం మేలా, స్వయంగా వెళ్లి కలవడం మేలా, లేక కాగితం మీద రాసి ఇవ్వడం మేలా? అనంతపురం జిల్లాలో పని జరిగే తీరును దృష్టిలో పెట్టుకుని సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను.

2019 అక్టోబరు 2న సచివాలయ వ్యవస్థ మొదలైనప్పటి నుంచి వేర్వేరు శాఖల వారు ఒకే కప్పు కింద కూర్చుంటున్నారు. అయినా వ్యవసాయ సహాయకుడు మండల వ్యవసాయాధికారికి, గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్ఓ) తహసీల్దారుకు, పంచాయతీ కార్యదర్శి మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీఓ)కి జవాబు చెప్పుకోవాలి. వీరిలో ఒకరు మరొకరిని ఆదేశించే అవకాశం లేదు. ఏ పొలంలో ఏ పంట వేశారో ఆన్‌లైన్‌లో ఎక్కించే ఈ-పంట నమోదునే తీసుకుంటే, పొలానికి వెళ్లి వేరుశనగో కందో చూసి వివరాలు ఎక్కించేది వ్యవసాయ సహాయకుడే అయినా, వీఆర్ఓ ధ్రువీకరణ, రైతు ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ) పూర్తి కానిదే ఆ నమోదు పూర్తయినట్టు కాదు. పంటల బీమాకు, పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకి, మద్దతు ధరకు అమ్ముకోవడానికి ఆ నమోదే ఆధారం కనుక, ఇద్దరు ఉద్యోగుల మధ్య మాట సరిగా నడవకపోతే నష్టపోయేది రైతు.

వాట్సాప్ గ్రూపు వల్ల కలిగే మేలు తక్కువేమీ కాదు. 31 మండలాల జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉన్న బొమ్మనహాళ్‌కూ, ఇటు చివరనున్న యాడికికీ ఒకే సమాచారం ఒకే క్షణంలో అందుతుంది. విత్తనకాయల పంపిణీ తేదీ, సమావేశం వేళ, వర్ష సూచన, గడువు పొడిగింపు వంటి అందరికీ సంబంధించిన విషయాలకు దాన్ని మించిన సాధనం లేదు. చిక్కంతా ఒక వ్యక్తి దగ్గర ఆగిన పనిని అందరి ముందూ అడగడంతోనే వస్తుంది. తహసీల్దారు, వ్యవసాయాధికారి ఇద్దరూ ఉన్న గ్రూపులో “ఫలానా గ్రామంలో వీఆర్ఓ ధ్రువీకరణ ఇంకా కాలేదు” అని రాస్తే, ఆ వీఆర్ఓ ఇచ్చే జవాబు అడిగిన వారి కోసం ఉండదు, చూస్తున్న అధికారుల కోసం ఉంటుంది. తన తప్పు లేదని నిరూపించుకోవడమే ఆయనకు మొదటి అవసరమవుతుంది. ఆ రోజుకు పని జరిగినా, సీజన్ మొత్తం కలిసి పనిచేయవలసిన ఇద్దరి మధ్య ముఖం చాటేసుకునే పరిస్థితి మిగులుతుంది. పంపిన మెసేజీని 15 నిమిషాల లోపు సవరించుకోవచ్చు గానీ, అప్పటికే నలుగురూ చదివి ఉంటారు.

నా దృష్టిలో ఏది మేలో తేల్చవలసిన అంశం ఒక్కటే: ఎదుటి మనిషి తన ఇబ్బందిని దాచకుండా చెప్పుకోగల వీలు ఏ పద్ధతిలో ఎక్కువ? పని ఆగడానికి అసలు కారణం చాలాసార్లు గ్రూపులో చెప్పుకోదగినదిగా ఉండదు. ఆన్‌లైన్ రికార్డులో భూమి ఇంకా చనిపోయిన తండ్రి పేరు మీదే ఉండవచ్చు, అన్నదమ్ముల మధ్య పంపకం తేలక మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఆగి ఉండవచ్చు. కౌలు రైతు విషయంలో అయితే 2019 నాటి చట్టం ప్రకారం సాగు హక్కు పత్రానికి భూ యజమాని సంతకం కావాలి, ఆ యజమాని బెంగళూరులో ఉండి సంతకానికి జంకుతూ ఉండవచ్చు. ఒక్కోసారి ఆ వీఆర్ఓకే పక్క ఊరు కూడా ఇన్‌చార్జిగా ఉండి, రోజంతా అక్కడే గడిచిపోతూ ఉండవచ్చు. “అన్నా, ఆ నాలుగు సర్వే నంబర్లు ఎక్కడ ఆగినాయో ఒకసారి కూర్చొని చూద్దామా?” అని పక్కన కుర్చీ లాక్కుని అడిగితే ఈ సంగతులన్నీ పది నిమిషాల్లో బయటికి వస్తాయి. ఎవరు రైతు ఇంటికి వెళ్లాలో, ఎవరు తహసీల్దారు కార్యాలయంలో అడగాలో అక్కడికక్కడే పంచుకోవచ్చు. ఆ సమస్య తన ఒక్కడిదే కాదని వీఆర్ఓకు అనిపించిన తర్వాత, రేపు ఆయనకు పంట నష్టం లెక్కల్లో మన సాయం కావలసి వచ్చినా అంతే చనువుగా అడుగుతాడు. ఉద్యోగంలో సంబంధం అనేది ఇలాంటి చిన్న ఇచ్చిపుచ్చుకోవడాలతోనే గట్టిపడుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఎదుట మాటకూ లోపాలు లేకపోలేదు. మన దగ్గర వయసులో పెద్దవారికీ, పై హోదా వారికీ ఎదురు చెప్పలేక, అర్థం కాకపోయినా తల ఊపే అలవాటుంది. మాట్లాడుకున్నది వారం తిరిగేసరికి ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుండటమూ ఉంది. అందుకే మాట ముగిసిన రోజే సర్వే నంబర్లు, ఎవరు ఏం చేయాలి, ఎప్పటిలోగా అన్న మూడు విషయాలను ఆ వ్యక్తికి మాత్రమే చేరే మెసేజీగా పంపడం మంచిది. ఈ వరుస తప్పకూడదు. ముందు మాట, తర్వాత రాత అయితే అది గుర్తు చేయడం అవుతుంది. మాట లేకుండా రాతే ముందు వెళితే, అదే మెసేజీ తాఖీదులా కనిపిస్తుంది.

ఫోన్ గురించి చెప్పవలసింది కొంచెమే. ఇదివరకే ముఖపరిచయం ఉన్న వారితో అది బాగా పనికొస్తుంది, లేని వారితో అరకొరగా ముగుస్తుంది. టెలికాన్ఫరెన్సు పైనుంచి కిందికి సూచనలు ఇవ్వడానికి ఉద్దేశించినది కనుక ఈ పోలికలో దానికి పెద్ద చోటు లేదు.

కాగితం తప్పనిసరి అయ్యే సందర్భాలు రెండున్నాయి. మొదటిది, నిబంధనకు అనుగుణంగా ఉందో లేదో తెలియని పనిని పై అధికారి నోటిమాటగా చెప్పినప్పుడు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 ప్రకారం, మౌఖిక ఆదేశం తప్పనిసరైనప్పుడు దాన్ని వెంటనే రాతలో ధ్రువీకరించడం పై అధికారి బాధ్యత, ఆ ధ్రువీకరణను కోరడం కింది ఉద్యోగి బాధ్యత. మన రాష్ట్ర ఉద్యోగులకు కూడా ఆచరణలో ఇది మంచి రక్షణ. “తమరి మౌఖిక ఆదేశాల మేరకు” అని మొదలుపెట్టి వినయంగా రాసిన నాలుగు వాక్యాల నోటు ఎవరినీ నొప్పించదు, పైగా ఆ ఆదేశాన్ని మరోసారి ఆలోచించుకునే అవకాశం అధికారికీ ఇస్తుంది.

రెండవది బదిలీ. సీజన్ మధ్యలో వీఆర్ఓ మారితే, పాతవారితో కుదిరిన అవగాహన కొత్తవారికి తెలియదు. పెండింగ్ సర్వే నంబర్లు, ఒక్కొక్కటి ఆగిన కారణం, రైతు ఫోన్ నంబరు ఒక పేజీలో రాసి సిద్ధంగా ఉంచుకోవాలి. కొత్త వీఆర్ఓ చేరిన మొదటి వారంలోనే ఆ పేజీ తీసుకుని వెళ్లి, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క నంబరూ చూపిస్తూ మాట్లాడాలి.