ఈమాక్స్ టెర్మినల్‌లో తెలుగు: లైన్ మోడ్‌లో హాయి, క్యారెక్టర్ మోడ్‌లో తంటా

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌తో పాటే వచ్చే తెలుగు ఇన్‌పుట్ మెథడ్‌లలో (టైపు చేసే పద్ధతులలో), ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోకి మార్చే ఐట్రాన్స్‌ను నేను రోజూ వాడతాను. కంట్రోల్, బ్యాక్‌స్లాష్ కలిపి నొక్కి, ఎ, ఎమ్, ఎమ్, ఎ అని కొడితే ‘అమ్మ’ పడుతుంది. ఇందుకు ఆపరేటింగ్ సిస్టమ్‌లో కీబోర్డు మార్చుకోనక్కరలేదు. ఇంత చక్కని సదుపాయం అదే ఎడిటర్‌లోని ‘టెర్మ్’ అనే టెర్మినల్‌లో (కమాండ్‌లు టైపు చేసి ప్రోగ్రాములు నడిపే చోట) మాత్రం అడుగడుగునా తడబడుతుంది.

టెర్మ్ తెరవగానే క్యారెక్టర్ మోడ్‌లో ఉంటుంది, అంటే మనం నొక్కిన దాదాపు ప్రతి కీ ఎడిటర్‌ను దాటుకొని నేరుగా లోపల నడుస్తున్న ప్రోగ్రాముకు చేరుతుంది. భాష మార్చే కంట్రోల్–బ్యాక్‌స్లాష్ కూడా అలాగే చేరుతుంది, అయితే టెర్మినల్ సంప్రదాయంలో అది ప్రోగ్రామును ఆపివేసే సంకేతం కావడంతో, తెలుగులోకి మారుదామని అలవాటుగా నొక్కినవాడికి అంతవరకూ నడిచిన పని చచ్చిపోయి కనిపిస్తుంది. (నాకు రెండుసార్లు జరిగాక వేళ్లకు బుద్ధి వచ్చింది.) పైగా 2018లో వచ్చిన ఈమాక్స్ 26.1 కూర్పు నుంచి ఈ మోడ్‌లో బఫర్‌ను (ఈమాక్స్ రాతను ఉంచే చోటును), మనం సెట్టింగ్ మార్చకపోతే, చదవడానికి మాత్రమే అనుమతిస్తున్నారు. అలాంటి బఫర్‌లో ఇన్‌పుట్ మెథడ్ అక్షరాలను కూర్చకుండా కీని ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. ఆ కట్టడిని తీసివేసే సెట్టింగ్ ఉంది కానీ, పొరపాటున బఫర్ చెడకుండా కాపాడేది కూడా అదే కనుక నేను దాని జోలికి పోలేదు.

కంట్రోల్–సి, కంట్రోల్–జె నొక్కి లైన్ మోడ్‌లోకి వెళితే కథ మారిపోతుంది. అక్కడ వాక్యమంతా మామూలు బఫర్‌లో రాసినట్టే రాసి, దిద్దుకొని, ఎంటర్ నొక్కినప్పుడే షెల్‌కు (కమాండ్‌లను అందుకొని నడిపే ప్రోగ్రాముకు) పంపవచ్చు. గిట్ కమిట్ సందేశాలను (కోడ్‌లో చేసిన మార్పులను భద్రపరిచేటప్పుడు రాసే వివరణలను) తెలుగులో రాయడానికి ఇంతకంటే సుఖమైన దారి నాకు దొరకలేదు. ట్యాబ్ నొక్కితే సగం కొట్టిన పేరును షెల్ పూర్తి చేసే సదుపాయం మాత్రం అక్కడ అందదు. కంట్రోల్–సి, కంట్రోల్–కె నొక్కితే మళ్లీ క్యారెక్టర్ మోడ్ వస్తుంది.

చూపు విషయంలో మాత్రం ఏ మోడ్‌కూ మంచి మార్కులు వేయలేను. ‘క్ష’లో మూడు యూనికోడ్ సంకేతాలు ఉంటాయి, లోపలి ప్రోగ్రాము దానికి తెరమీద రెండు అక్షరాల చోటు లెక్కకడితే, ఫాంటు తన కొలతకు తగ్గట్టు ఒకే సంయుక్తాక్షరంగా గీస్తుంది. ఫలితంగా పొడుగు వరుసల్లో కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట కనబడతాయి, అందుకే దిద్దుబాటు ఎక్కువగా ఉండే రాతను నేను వేరే బఫర్‌లో రాసి, పూర్తయ్యాక టెర్మినల్‌లో అతికిస్తున్నాను.