మాంజాకు చిక్కిన గద్దను ఎందులో ఉంచాలి: అట్టపెట్టెలోనా, పంజరంలోనా?

గాజుపొడి పట్టించిన నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అయినా సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాద్‌లో రెక్క తెగిన గద్దలు కింద పడుతూనే ఉన్నాయి. అలా పడిన గద్దను డాక్టరు దగ్గరికి చేర్చేలోపు చాలామంది ఇంట్లో ఖాళీగా ఉన్న ఇనుప పంజరం తెస్తారు. కిరాణా కొట్టులో అడిగితే ఇచ్చే అట్టపెట్టె దానికన్నా ఎంతో మేలు.

కారణం ఈకలు. గద్ద తూగేది ముప్పావు కిలోకు అటూఇటూగా, విప్పిన రెక్కలు మాత్రం మీటరున్నర దాకా ఉంటాయి. బెదిరిన గద్ద పంజరంలో వెలుతురు కనిపించిన వైపల్లా దూకుతుంది. తోక చువ్వల సందులోంచి బయటికి పోతుంది, వెనక్కి తిరిగేసరికి ఈక మధ్యకు విరుగుతుంది. విరిగిన ఈక గోరులా పెరగదు. మిగిలిన మోడు రాలి కొత్తది మొలవాలి, ఆ వంతు వచ్చేది దాదాపు ఏడాదికోసారి. పైన ఎగిరే గద్దను కాసేపు చూడండి: ఆ చీలిక తోక ఒకసారి ఇటు, ఒకసారి అటు మెలిపడుతూ దారి మళ్లిస్తుంటుంది. అది విరిగితే, రెక్క గాయం మానాక కూడా నెలల తరబడి లోపలే ఉండాలి. ముక్కు మొదట్లో ఉండే పసుపుపచ్చని మెత్తటి భాగం కూడా చువ్వలకు కొట్టుకుని పుండవుతుంది.

అట్టపెట్టెలో చీకటి ఉంటుంది, చీకట్లో గద్ద త్వరగా నెమ్మదిస్తుంది. పొడవు 60, వెడల్పు 40, ఎత్తు 45 సెంటీమీటర్లుంటే చాలు. నిలబడేంత చోటుండాలి, రెక్క విప్పేంత ఉండకూడదు. గాలికి రెండు పక్కల కింది భాగంలో వేలు దూరేంత రంధ్రాలు పక్షిని పెట్టకముందే చెయ్యాలి. అడుగున పాత దుప్పటి మడిచి వెయ్యండి. న్యూస్ పేపరైతే కాళ్లు జారి పక్కలకు పోతాయి, టర్కీ టవల్ పోగుల్లో గోళ్లు ఇరుక్కుంటాయి.

పంజరానికున్న లాభం ఒక్కటే, లోపల ఏమవుతోందో కనిపిస్తుంది. కానీ మనం చూసిన ప్రతిసారీ అది బెదురుతుంది. పంజరం తప్ప ఏమీ దొరక్కపోతే లోపలి వైపు అట్టముక్కలు ఆనించి, పైన మందపాటి దుప్పటి కప్పండి.

పట్టుకునేటప్పుడు వెనక నుంచి తల మీద దుప్పటి వేసి, మొదట కాళ్లను దొరకబుచ్చుకోవాలి. గద్ద ఆయుధం ముక్కు కన్నా గోళ్లే. రొమ్ము నొక్కకండి; ఎదురొమ్ము కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. దారం లాగొద్దు, జానెడు వదిలి రెండు వైపులా కత్తిరించండి. మాంజా ఎక్కువగా కోసేది రెక్క ముందు అంచున, భుజం నుంచి మణికట్టు దాకా సాగే పల్చటి చర్మాన్ని. లాగితే అందులోని స్నాయువు కూడా తెగుతుంది. ఎండితే ఆ చర్మం అంచులు చచ్చిపోతాయి, కుట్టడానికి ఏమీ మిగలదు. సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డ వేసి ఉంచండి. పసుపు, నూనె వద్దు; ఈకలు అంటుకుపోతాయి, కుట్టే ముందు డాక్టరు అదంతా కడగాలి.

నోట్లో నీళ్లు పొయ్యకండి. శ్వాసనాళం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీరసించిన పక్షికి వెంటనే మాంసం పెట్టినా అరగదు. ముందు ఒంట్లోకి ద్రవం ఎక్కాలి, అది డాక్టరు పని.

పెట్టె కొన్ని గంటలకే. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గద్దను ఇంట్లో పెంచకూడదు, కాబట్టి ఆ రోజే అటవీ శాఖకో, పక్షుల రక్షణ కేంద్రానికో అప్పగించాలి. చికిత్స తర్వాత వారాల తరబడి ఉంచడానికి పెట్టె పనికిరాదు, పంజరమూ పనికిరాదు. నిలువు కర్రపట్టీలతో, పక్కల పచ్చనెట్టుతో కట్టిన గది కావాలి. కూర్చునే కొమ్మకు కొబ్బరితాడు చుట్టాలి, నున్నటి గట్టి పైపు మీద రోజుల తరబడి కూర్చుంటే అరికాళ్లు వాచి చీము పడతాయి. ఎగరేసే ముందు ఆ గదిలో అటూఇటూ చాలాసార్లు ఎగిరించి చూస్తారు: రెండు రెక్కలూ సమంగా లేవాలి, వాలాక నోరు తెరిచి రొప్పకూడదు.