శ్రుతి దించి వాయించే గిటార్‌కు 9 మేలా, 10 మేలా, 11 మేలా?

కర్నూలు, అనంతపురం, కడపల్లో చర్చి బ్యాండ్లలోనూ ఆర్కెస్ట్రాల్లోనూ ఎలక్ట్రిక్ గిటార్ పట్టేవాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఒకటే: 9 సెట్ వేయాలా, 10 వేయాలా? సెట్ పేరులోని అంకె తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన; 10-46 అంటే అన్నిటికంటే సన్నని మొదటి తీగ 10, మందమైన ఆరో తీగ 46. ముందు తేలాల్సింది గిటార్ ఏ శ్రుతిలో ఉంటుందన్నది. కంపెనీ, లోహం, పూత అన్నీ ఆ తర్వాతే.

గిటార్ మామూలు శ్రుతి ఇ స్టాండర్డ్, అంటే మన లెక్కలో మూడు శ్రుతి. గాయకుడి గొంతు కోసం రెండున్నరకు దించుతారు. బరువైన రిఫ్‌ల (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పలుకుల) కోసం రెండుకు, ఇంకా కిందికి పోయేవాళ్లు ఒకటికి దించుతారు. దించిన ప్రతిసారీ తీగ బిగువు మనం అనుకున్నదానికంటే ఎక్కువే పడిపోతుంది. అర శ్రుతి దించితే 11 శాతం, ఒక శ్రుతికి 20 శాతం, మూడు నుంచి ఒకటికి వస్తే 37 శాతం. స్ట్రాట్ తరహా గిటార్‌లో, 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) మీద 10-46 సెట్ ఆరు తీగల బిగువు కలిపి దాదాపు 47 కిలోలు, 9-42ది 39 కిలోల లోపు. అదే 10-46ని రెండు శ్రుతికి దించితే 37 కిలోలే మిగులుతుంది. పేరుకు 10 సెట్టే గానీ, చేతికి 9 కంటే మెత్తగా తగులుతుంది.

బిగువు చాలకపోతే తప్పులన్నీ వరసగా బయటపడతాయి. గట్టిగా మీటిన క్షణంలో ఆరో తీగ శ్రుతి పైకి లేచి, తర్వాత దిగుతుంది. కార్డ్ పట్టేటప్పుడు వేలు కాస్త ఎక్కువ నొక్కినా అపశ్రుతే. తీగ వెడల్పుగా ఊగి ఫ్రెట్లకు (మెడ మీది లోహపు మెట్లకు) కొట్టుకుంటుంది. దానికి బ్రిడ్జి ఎత్తుతారు, అప్పుడు నొక్కడం కష్టమై శ్రుతి ఇంకా తప్పుతుంది. ఆంప్‌లో గెయిన్ పెంచితే ఇదంతా ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

లెక్క సులువే. దించిన ప్రతి అర శ్రుతికీ తీగ మందం 6 శాతం పెంచితే పాత బిగువు తిరిగి వస్తుంది. 46తో మొదలుపెడితే రెండున్నరకు 49, రెండుకు 52, ఒకటిన్నరకు 55, ఒకటికి 58.

ఇక సెట్లు. 9-42 మూడు శ్రుతి దాటి కిందికి పోనివాళ్లకు. గమకాలు లాగేవాళ్లకు, సోలోల్లో తీగను పక్కకు లాగే బెండ్లు ఎక్కువగా వాడేవాళ్లకు ఇంత హాయి ఇంకో సెట్ ఇవ్వదు. రెండో తీగ 11 మీద బిగువు 5 కిలోలే. కానీ రిథమ్ చెయ్యి బరువైతే దీనితో శ్రుతి నిలవదు.

మూడు, రెండున్నర శ్రుతుల మధ్య తిరిగేవాళ్లకు 10-46 వేయమనే నా మాట. రెండున్నరకు దించినా 42 కిలోల దాకా ఉంటుంది, అంటే మూడు శ్రుతిలో ఉన్న 9 సెట్ కంటే కొంచెం గట్టి. పాటపాటకీ గాయకులు మారే ఆర్కెస్ట్రాకు ఇంతకంటే భద్రమైనది లేదు.

రెండు శ్రుతి దగ్గరే అసలు తకరారు. ఇక్కడ 10-52, 11-49 రెండూ పోటీ. 10-52లో సన్నని పైతీగలు మూడు శ్రుతిలోని 9 అంత మెత్తన, ఆరో తీగ మూడు శ్రుతిలోని 46 అంత గట్టి. లీడ్, రిఫ్ రెండూ ఒకరే వాయిస్తే ఇదే నయం. 11-49లో ఆరు తీగలూ దాదాపు సమానంగా, 10 సెట్ అలవాటు చెడకుండా ఉంటాయి. కార్డ్‌లే ఎక్కువైతే నా ఓటు దీనికే. ఆరో తీగ ఒక్కటే దించే డ్రాప్ డికి మాత్రం 10-52 అందరూ చెప్పినంత బాగుండదు. ఆరోది సరిపోతుంది గానీ, దించని ఐదో తీగ 42 మందంతో 12 కిలోలకు చేరి వేళ్లకు మొండికేస్తుంది. 10-46లో ఆరోది తీసేసి విడిగా 52 వేసుకోవడం మంచిది. విడి తీగ దగ్గర్లో దొరక్కపోతే బెంగళూరు, హైదరాబాద్ దుకాణాల్లోనో ఆన్‌లైన్‌లోనో నాలుగైదు కలిపి తెప్పించుకోండి.

ఒకటి శ్రుతికి 12-56. 11-54 వేస్తే మందమైన కిందితీగలు పరవాలేదు గానీ, మొదటి తీగ మూడు శ్రుతిలోని 9 కంటే వదులైపోతుంది.

లెస్ పాల్ తరహా 24.75 అంగుళాల గిటార్‌లో ఏ సెట్ అయినా 6 శాతం వదులు. అందులో శ్రుతి దించేవాళ్లు ఒక మెట్టు మందం పెంచుకోవాలి.

లోహం సంగతి క్లుప్తంగా: నికెల్ పూసిన స్టీల్ అన్నిటికీ సరిపోతుంది. ప్యూర్ నికెల్ నాదం మెత్తన, దించిన శ్రుతిలో కాస్త మసక. స్టెయిన్‌లెస్ స్టీల్ మెరుపుగా మోగుతుంది, కింది శ్రుతుల్లో స్పష్టత ఇస్తుంది, ఫ్రెట్లను తొందరగా అరగదీస్తుంది. ఫ్లాట్‌వౌండ్ (చదునైన పట్టీ చుట్టిన తీగలు) జాజ్ వాళ్లకు. కాంస్యం చుట్టిన అకౌస్టిక్ తీగలు మాత్రం వేయకండి, చుట్టిన తీగలను పికప్ (అయస్కాంతంతో తీగ కదలికను పట్టే భాగం) సరిగా అందుకోదు. సీమలో గాలి తేమ తీరప్రాంతమంత ఉండదు, తీగల్ని తినేది చెమటే. ఏప్రిల్, మే నెలల్లో షామియానా కింద వాయించేవాళ్లకు పూత ఉన్న సెట్ ఖరీదుకు న్యాయం చేస్తుంది. చెమట తక్కువైతే పొడిబట్టతో ప్రతిసారీ తుడిస్తే చాలు.

గేజ్ (తీగ మందం) మార్చాక సెటప్ చేయకుండా తీగలను తిట్టొద్దు. 46 కోసం కోసిన నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో 52 ఇరుక్కుంటుంది. ట్యూన్ చేస్తుంటే టింగుమని చప్పుడు చేసి శ్రుతి ఒక్కసారి దూకితే కారణం అదే. గాడిని వెడల్పు చేయించండి, లోతు పెంచనివ్వొద్దు. బిగువు పెరిగితే నెక్ ముందుకు వంగుతుంది. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. 0.25 మిల్లీమీటర్లు దాటితే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి ఉక్కు కడ్డీని) ఒకసారికి పావు తిప్పే బిగించి, కొన్ని గంటలు ఆగి మళ్లీ చూడండి. తేలే (స్ప్రింగుల మీద నిలిచే) బ్రిడ్జి పైకి లేస్తే వెనక స్ప్రింగులను పట్టే క్లా స్క్రూలు బిగించండి, చాలకపోతే ఇంకో స్ప్రింగు వేయండి. ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి కలవడం) అన్నిటికంటే చివర: పన్నెండో ఫ్రెట్ నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగను తాకీ తాకకుండా మీటితే వచ్చే స్వరం) కంటే ఎక్కువుంటే శాడిల్ (బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే ముక్క) వెనక్కి జరపాలి. మందపు సెట్లలో చుట్టు లేని మూడో తీగకు శాడిల్ చివరిదాకా జరిపినా శ్రుతి కలవకపోతే, చుట్టిన మూడో తీగ ఉన్న సెట్‌కు మారండి.