లైటు కింద ఉన్న బిడ్డకు కామెర్ల మీటరు: ఎంతవరకు నమ్మొచ్చు?

పర్లాకిమిడిలో ఒక చిన్న ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సుని. చర్మం మీద ఆనించి కామెర్లు కొలిచే మీటరును కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. కొనాలనుకునే వాళ్లకూ, తోటి సిస్టర్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మంచి చెప్తాను. బిడ్డ నుదుటి మీదో, రొమ్ము ఎముక మీదో నిటారుగా ఆనించి మెల్లగా నొక్కితే లైటు మెరుస్తుంది. చర్మం నుంచి తిరిగొచ్చిన వెలుతురును బట్టి బిలిరుబిన్ (కామెర్లలో ఒంటికి పసుపు తెచ్చే పదార్థం) అంకె వెంటనే చూపిస్తుంది. మడమ గుచ్చక్కర్లేదు. పాతపట్నం, మెళియాపుట్టి నుంచీ, ఇటు గజపతి కొండల్లోని సవర ఊళ్ల నుంచీ వచ్చే బాలింతలు "మళ్లీ రక్తం తీస్తారా అమ్మా?" అని కంగారుపడటం బాగా తగ్గింది. చామనఛాయ బిడ్డల్లో పసుపు ఎంతుందో కంటితో చెప్పడం ఎవరికైనా కష్టమే. 35 వారాలు నిండి పుట్టి, 24 గంటలు దాటిన బిడ్డను ఇంటికి పంపేముందు చూడటానికి ఇది చాలా మంచి పరికరం. మొదటి రోజే పసుపు కనిపిస్తే మాత్రం నేరుగా రక్తం పంపిస్తాం. మీటరులో 15 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) దాటినా అంతే.

కామెర్లు తగ్గించడానికి బిడ్డను నీలం లైటు కింద పెట్టాకే అసలు చిక్కు. ఆ వెలుతురు చర్మంలో ఉన్న బిలిరుబిన్ మీద ముందు పనిచేస్తుంది. రక్తంలో ఉన్నది అంత త్వరగా దిగదు. అందుకే వెలుతురు తగిలిన ఛాతీ మీద కొలిస్తే అంకె తక్కువ వస్తుంది. రక్తంలో 14 ఉన్న బిడ్డకు ఛాతీ మీద 9 రావడం నేను చూశాను. మీటరు పాడవలేదు, చర్మంలో ఉన్నదే చెప్పింది. కానీ ఆ 9 చూసి లైటు ఆపేస్తే? బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడుకు ఎక్కుతుంది, ఆ దెబ్బ జీవితాంతం ఉండిపోతుంది.

అందుకని మేం లైటు కింద పెట్టకముందే నుదుటి మీద వెలుతురు దూరని చిన్న పట్టీ అతికిస్తాం. కొలిచేటప్పుడు దాన్ని ఎత్తి, అక్కడే కొలిచి, మళ్లీ మూసేస్తాం. ఈ అంకె రక్తం అంకెకు చాలా దగ్గరగా ఉంటోంది. రాత్రి డ్యూటీలో బిడ్డ తల తిప్పడం వల్లో, పాలకు తీసినప్పుడో పట్టీ జారిపోతుంది. చాలాసేపు వెలుతురు తగిలితే ఆ చోటు ఇక పనికిరాదు.

అయినా పట్టీ కింద అంకె పెరుగుతోందా తగ్గుతోందా చూసుకోవడానికే. లైటు ఆపాలా, బిడ్డ ఒంట్లోని రక్తం తీసి వేరే రక్తం ఎక్కించాలా అన్నది రక్త పరీక్షే తేల్చాలి. బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు లైటు నడుస్తుండగా ఈ మీటరు వాడొద్దనే చెబుతాయి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం లైటు ఆపాక కనీసం 24 గంటలు ఆగి వాడొచ్చు. లైటు ఆపాక వాడే విషయంలో మా డాక్టరుగారూ ఆ 24 గంటల లెక్కే పాటిస్తారు.

మీటరు సరిగ్గా ఉందో లేదో రోజూ చూసుకోవాలి, చర్మానికి ఆనించే దాని మొనను బిడ్డ బిడ్డకూ తుడవాలి. కమిలిన చోటా, పుట్టుమచ్చ మీదా పెట్టకూడదు. ధర ఎక్కువే. మంచి లైటూ, రాత్రిపూట కూడా రక్త పరీక్షా లేని ఆసుపత్రి ముందు ఆ రెండూ సమకూర్చుకుని తర్వాత దీన్ని కొనాలని నా సలహా. లైటు ఆపి ఇంటికి పంపే ప్రతి తల్లికీ నేను ఒకటే చెప్తాను: బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడుకుంటే, మొన్న మీటరులో ఎంత వచ్చిందన్నది చూడకుండా వెంటనే తీసుకురండి.