ఆకులు రాలే కాలం కిట్: మా పాప చేతుల్లో మూడు వారాలు

మా పాపకి మూడున్నరేళ్లు. ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా అప్పజెప్పేస్తుంది. ఎదురుగా ఐదు గింజలు పెట్టి లెక్కపెట్టమంటే మాత్రం ఒకసారి నాలుగు, ఒకసారి ఏడు. నోటికొచ్చిన లెక్క వేళ్లకి కూడా రావాలని ఈ కిట్ తెప్పించాను. మూడు వారాలు రోజూ ఆడించాకే రాస్తున్నాను.

పెట్టెలో ఎరుపు, పసుపు, నారింజ రంగుల ఫెల్ట్ ఆకులు, 10 పైన్ కాయలు, టోపీలున్న 10 చెక్క ఓక్ గింజలు, రంగు కాగితం తురుము, చెక్క పట్టకారు, ఐదు బుల్లి గిన్నెలు, 1 నుంచి 20 దాకా కార్డులు ఉన్నాయి.

నా ఓటు పైన్ కాయలకే. ప్లాస్టిక్‌వి కావు, చెట్టు నుంచి రాలినవే. మొదటిరోజు పాప ఒక్క వేలితో తాకి చెయ్యి వెనక్కి లాక్కుంది. మూడోరోజుకి కళ్లు మూసుకుని తడిమి ఏది ఆకో, ఏది కాయో చెప్పేసింది. ఒక కాయని నీళ్లలో వేసి చూపించాను. కాసేపటికి విచ్చుకున్న రేకులన్నీ దగ్గరికి ముడుచుకున్నాయి. "అమ్మా, బజ్జుంది" అంది. ఆరబెడితే మళ్లీ విచ్చుకుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు రేకులు తెరుచుకుంటేనే లోపలి గింజలు దూరం ఎగరగలవు. ఇంత మంచి సంగతి కిట్‌తో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు!

లెక్కకి అసలు సాయం చేసింది పట్టకారు. వేలితో చూపిస్తూ లెక్కపెట్టేటప్పుడు పాప వేలు ఒకచోట, మాట ఇంకోచోట ఉండేవి. పట్టకారుతో ఒక్కో గింజని గిన్నెలోకి మార్చాలంటే నెమ్మదించక తప్పదు. గింజ టక్కున పడ్డాకే "రెండు" అంటుంది. ఒక వస్తువుకి ఒకే మాట, చివరి మాటే మొత్తం ఎన్నో చెబుతుంది: పిల్లల లెక్క గురించి మనస్తత్వ శాస్త్రవేత్తలు రోషెల్ గెల్మన్, చార్లెస్ గాలిస్టెల్ 1978లో చెప్పిన సూత్రాల్లో ఈ రెండూ ఉన్నాయి. మొదటిది పాపకి వారంలో వచ్చింది. రెండోదానికి ఇంకా టైమ్ పట్టింది.

కార్డులు నాకు నచ్చలేదు. 7 కార్డు మీద ఏడు ఆకులు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. నేనే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను, ఇక పిల్లకెలా తెలుస్తుంది? తెల్ల అట్టముక్కల మీద చుక్కలు పెట్టి, ఐదు దాకానే సొంతంగా చేసుకున్నాను. సున్నా కార్డే లేదు. మరియా మాంటిస్సోరి పద్ధతిలో వాడే కడ్డీల పెట్టెలో సున్నాకీ ఒక అర ఉంటుంది, అందులో ఏమీ వెయ్యరు. ఆ ఖాళీని చూస్తేనే పిల్లలకి సున్నా అర్థమవుతుంది. ఇక్కడ ఐదో గిన్నెని ఖాళీగా ఉంచి ఆ పని నేను చేశాను.

కోపం వచ్చింది మాత్రం ఓక్ గింజల విషయంలో. రెండోరోజుకే జిగురు ఊడి మూడు టోపీలు వచ్చేశాయి. పెట్టె మీద రెండేళ్లు నిండిన పిల్లలకి అని రాశారు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో చిన్న ముక్కల్ని పరీక్షించే గొట్టం వెడల్పు దాదాపు 3.2 సెంటీమీటర్లు. ఈ టోపీలు అందులో ఇట్టే పట్టేస్తాయి, గొంతుకి అడ్డం పడగలవు. కంపెనీకి రాశాను, జవాబు లేదు. టోపీలన్నీ పీకి పారేశాను. మీరు కొన్నా మొదట ఆ పని చేయండి, ఆడుతున్నంతసేపూ పక్కనే కూర్చోండి. కాగితం తురుము తడిస్తే చేతులకి రంగు అంటుతోంది, అదీ తీసేశాను.

మూడేళ్లు దాటిన పిల్లలకైతే కొనొచ్చు, అదీ కాయలు, ఆకులు, పట్టకారు కోసమే. నిన్న పాప నాలుగు ఆకులు గిన్నెలో వేసి పైన అరచెయ్యి మూసింది. "ఎన్నున్నాయి?" అన్నాను. ఇదివరకైతే చెయ్యి తీసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. ఈసారి చెయ్యి తియ్యకుండానే "నాలుగు" అంది.