రెండు లిపులు చదివే ఇంట్లో ఏ మీడియా ప్లేయర్ నిలబడింది: చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

మా ఇంటి కంప్యూటర్‌లో ఇప్పుడు రెండే ప్లేయర్లు మిగిలాయి. వీడియోలకు వీఎల్‌సీ, పాటలకు ఫూబార్2000. తమ్ముడి గదిలోని పాత కంప్యూటర్‌లో మాత్రం ఎంపీసీ-హెచ్‌సీ ఉంది. మధ్యలో చాలా వచ్చాయి, పోయాయి. ఏ ప్లేయర్ వేసుకోవాలని అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే: వీఎల్‌సీ వేసుకో, అన్నీ నడుస్తాయి. ఆ మాట నిజమే, కానీ దానితో పని పూర్తి కాదు. ఇంట్లో ఏ కాలం నాటి డిస్కులు ఉన్నాయి, చూసేవాళ్లు ఏ లిపి చదువుతారు, కంప్యూటర్ ఏ వయసుది అన్నవి చూడకుండా ప్లేయర్‌ను ఎంచుకోలేం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు. పొలిమేర దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. అమ్మ తెలుగు తప్ప చదవలేదు. వదిన ఒడియా ఇంటి ఆడపడుచు. తెలుగు చక్కగా అర్థమవుతుంది, కానీ చదవడం రాదు. పిల్లలు ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడతారు, బడి మాత్రం ఒడియాలో కాబట్టి కళ్లు ఆ లిపికే అలవాటు పడ్డాయి. 1936లో ఒడిశా విడిగా ఏర్పడిన నాటి నుంచి ఈ సరిహద్దు ఊళ్లలో ఎన్నో ఇళ్లది ఇదే తీరు. కాబట్టి మాకు పనికొచ్చే ప్లేయర్ రెండు లిపులనూ సరిగ్గా చూపాలి, రెండు భాషల ఆడియోనూ తేలిగ్గా మార్చనివ్వాలి. దీనిమీద రాసినవాళ్లు చాలా తక్కువ. అందుకే రాస్తున్నాను.

ముందు పాత డిస్కుల సంగతి. మన ఇళ్లలో పెళ్లిళ్ల వీడియోలు ఒక తరం పాటు వీసీడీల్లో, ఆ తర్వాత డీవీడీల్లో వచ్చాయి. వీసీడీని కంప్యూటర్‌లో పెట్టి తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్, అందులో పేరు చివర .dat (డీఏటీ) అని ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని చూసి ఇది వీడియో కాదేమోనని వదిలేసేవాళ్లు ఉన్నారు. ఆ ఫైలును లాగి వీఎల్‌సీ మీద వదిలితే చాలు, పెళ్లి మొదలవుతుంది. బొమ్మ పరిమాణం 352 బై 288 మాత్రమే కాబట్టి నేటి పెద్ద తెర మీద మసకగా ఉంటుంది. దానికి ఏ ప్లేయరూ మందు వేయలేదు. డీవీడీల విషయంలో మరో చిక్కు. విండోస్ 8 నుంచి డీవీడీ ఆడించే సదుపాయం విండోస్‌తో పాటు ఉచితంగా రావడం లేదు. వీఎల్‌సీలో అది లోపలే ఉంది, విడిగా ఏమీ కొననక్కరలేదు.

ఈ డీవీడీల్లో ఇంకో ఇబ్బంది ఉంది, చాలామంది దాన్ని డిస్కు పాడైపోవడమనుకుంటారు. తలంబ్రాలు పోసుకునే చోట చూడండి. కూర్చున్నవాళ్లు స్పష్టంగానే ఉంటారు, కదిలే చేతుల అంచులు మాత్రం దువ్వెన పళ్లలా అడ్డంగా చీలిపోతాయి. అప్పటి వీడియో కెమెరాలు సెకనుకు 50 అరబొమ్మలు తీసేవి: ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు. టీవీకి అది సరిపోయేది. కంప్యూటర్ తెర రెండు అరబొమ్మలనూ కలిపి ఒకేసారి చూపేసరికి, ఆ మధ్యలో కదిలిన చెయ్యి రెండు చోట్ల కనిపిస్తుంది. వీఎల్‌సీలో వీడియో నడుస్తుండగా డి మీట నొక్కితే ఆ గీతలు పోతాయి. ఇంకా బాగా కావాలంటే వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ మోడ్ కింద యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకోండి. కదలిక నున్నగా వస్తుంది. ఇది చూపించాక అమ్మ చిన్నక్క పెళ్లి డీవీడీ మొత్తం మళ్లీ పెట్టించుకుని చూసింది. ఈ ఒక్క మీట కోసమైనా వీఎల్‌సీని ఇంట్లో ఉంచుకోమంటాను.

రెండో సంగతి సబ్‌టైటిల్స్, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఒకే ఫైల్లో రెండు మూడు భాషల ఆడియో ఉంటే బి మీట, సబ్‌టైటిల్స్ మార్చాలంటే వి మీట. వదిన ఒక రోజులోనే నేర్చుకున్నారు. అసలు పరీక్ష మేము సొంతంగా సబ్‌టైటిల్స్ రాసుకున్నప్పుడు వచ్చింది. నాన్నగారు ఈ ఊరి పాత సంగతులు చెబుతుండగా తీసిన వీడియో ఒకటుంది. పళ్లు ఊడిన వయసు, మాట ముద్దగా ఉంటుంది. పిల్లలకు సగం అర్థం కాదు. దానికి తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి సబ్‌టైటిల్ ఫైలు చేశాం. ఎస్ఆర్‌టీ ఫైలంటే పెద్ద విద్య కాదు. నోట్‌ప్యాడ్‌లో వరుస సంఖ్య, దాని కింద మాట మొదలయ్యే, ముగిసే సమయాలు, దాని కింద మాట, తర్వాత ఒక ఖాళీ గీత. అంతే. సమయాల్లో సెకన్ల తర్వాత చుక్క కాదు, కామా పెట్టాలి. ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచడం తప్పనిసరి; అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి అది. పాత నోట్‌ప్యాడ్ ఆన్సీ అనే పాత పద్ధతిలో భద్రపరిచేది, అప్పుడు తెలుగంతా ప్రశ్నార్థకాలై పోతుంది, మళ్లీ తిరిగి రాదు.

వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ పేజీ తెరిచి ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8గా, ఫాంటును నిర్మల యూఐగా పెట్టండి. విండోస్ 8 నుంచి వచ్చే ఈ ఫాంటులో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి కాబట్టి భాష మారినప్పుడల్లా ఫాంటు మార్చే బెడద లేదు. విండోస్ 7 వాడేవాళ్లకు తెలుగుకు గౌతమి, ఒడియాకు కళింగ ఉంటాయి. ఇది సరిచేసుకోకపోతే అక్షరాల బదులు డబ్బాలు రావచ్చు. కొత్త ఫాంటు పెట్టాక ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలతో చూసుకోండి. మా దగ్గర 3.0 వరుస వీఎల్‌సీలో రెండు లిపులూ సరిగ్గా వస్తున్నాయి.

అక్షరాలు మాట కంటే ముందో వెనకో వస్తే జి, హెచ్ మీటలు. జి నొక్కితే అక్షరాలు ముందుగా వస్తాయి, హెచ్ నొక్కితే ఆలస్యంగా వస్తాయి, నొక్కిన ప్రతిసారీ 50 మిల్లీసెకన్లు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తేడా పెరుగుతుంటే ఈ మీటలతో పని కాదు. వీడియో సెకనుకు 25 బొమ్మలది, సబ్‌టైటిల్ 24 బొమ్మల ప్రతికి రాసినది అయితే అలా జరుగుతుంది. టూల్స్ మెనూలో ట్రాక్ సింక్రనైజేషన్ అని ఉంది. అక్కడ సబ్‌టైటిల్ వేగాన్నే మార్చాలి.

హరికథల క్యాసెట్ల గురించి కూడా చెప్పాలి. మా ఇంట్లో క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించినవి చాలా ఉన్నాయి. ఎక్కించిన టేప్‌రికార్డర్ కాస్త వేగంగా తిరిగేది, అందుకని దాసుగారి గొంతు అరశ్రుతి పైకి పోయి సన్నగా వినిపిస్తుంది. మామూలుగా వీఎల్‌సీలో వేగం తగ్గిస్తే కాలం సాగుతుంది తప్ప శ్రుతి మారదు; ఉపన్యాసాలు వినేవాళ్లకు అదే మేలు. క్యాసెట్‌కు కావలసింది అందుకు విరుద్ధం. ప్రిఫరెన్సెస్‌లో ఆడియో పేజీలో టైమ్ స్ట్రెచింగ్ అన్న గడిలో టిక్కు తీసేసి వేగం తగ్గిస్తే శ్రుతి కూడా దిగుతుంది, గొంతు గొంతులా వినిపిస్తుంది. ఈ సదుపాయం ఇంత బాగా పనిచేస్తుందని ఎవరూ చెప్పగా వినలేదు. హరికథ వినే అలవాటున్న ఇళ్లన్నిటికీ ఇది తెలియాలని నా కోరిక.

పాటలకు మాత్రం నేను వీఎల్‌సీ వాడను. పాట నుంచి పాటకు మధ్య విరామం లేకుండా సాగడం 3.0 వరుసలో లేదు. కచేరీ రికార్డింగుల్లో అది చెవికి గుచ్చుకుంటుంది. వేల పాటలను వరుసలో పెట్టుకోవడానికి కూడా అది సరైన చోటు కాదు. 2002 నుంచి ఉన్న ఫూబార్2000 ఇందులో ఆరితేరింది. చూడటానికి బోసిగా ఉంటుంది, ఉచితం, పాత కంప్యూటర్ మీద కూడా బరువు వేయదు. పాటల వివరాలను తెలుగులోనే రాసుకోవచ్చు, ఒడియా పాటలకు ఒడియాలోనే. నాకు బాగా నచ్చింది రీప్లేగెయిన్. ఘంటసాల గారి కాలపు రికార్డింగు నెమ్మదిగా వినిపిస్తుంది, దాని తర్వాత నిన్నమొన్నటి పాట వస్తే ఇల్లు అదిరిపోతుంది. పాటలన్నీ ఎంచుకుని కుడి క్లిక్కుతో రీప్లేగెయిన్ స్కాన్ చేయించి, ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ కింద దాన్ని ట్రాక్ వారీగా వాడమని చెప్పాలి. పాట శబ్దాన్ని ముట్టుకోదు. ఎంత తగ్గించాలో ట్యాగులో రాసుకుంటుంది, అంతే. తెల్లవారుజామున సుప్రభాతం, ఆ వెనకే భజన, ఆ వెనకే సినిమా పాట ఒకే స్థాయిలో వినిపిస్తే ఇంటిల్లిపాదికీ ఎంత హాయో వాడితేనే తెలుస్తుంది.

తమ్ముడి కంప్యూటర్‌లో మెమరీ 2 జీబీ. దానికి ఎంపీసీ-హెచ్‌సీ చక్కగా సరిపోయింది. పాత విండోస్ ప్లేయర్ రూపంలోనే ఉంటుంది, తెరవగానే తెరుచుకుంటుంది. పనిచేసేవాళ్లు లేక దాని అభివృద్ధిని 2017లో ఆపేశారు. తర్వాత మరొకరు అందుకుని కొత్త ప్రతులు ఇస్తూనే ఉన్నారు, వాటినే వేసుకోండి. ఎంపీవీ కూడా గట్టి ప్లేయరే, కానీ మామూలు మెనూ పట్టీ లేదు. అమ్మ చేతికి ఇవ్వగలిగింది కాదు.

ఏ ప్లేయర్ వేసినా తీరని సమస్య ఒకటుంది. హెచ్ఈవీసీ, అంటే హెచ్.265 అనే కుదింపు పద్ధతిలోని వీడియోలు పాత ప్రాసెసర్ల మీద ఆగి ఆగి నడుస్తాయి. ఇంటెల్ ఆరో తరం నుంచి మామూలు హెచ్ఈవీసీకి, ఏడో తరం నుంచి 10 బిట్ రకానికి చిప్పులోనే సాయం ఉంది. అంతకంటే పాత కంప్యూటర్ అయితే ప్లేయర్లు మార్చుతూ కాలం వృథా చేయకండి, అదే వీడియో హెచ్.264 ప్రతి సంపాదించండి. అలాగే మాకు కరెంటు పోవడం మామూలే. రికార్డు అవుతుండగా పోతే, సగంలో తెగిన ఎంకేవీ ఫైలు ఉన్నంతవరకు ఆడుతుంది. ఎంపీ4 అయితే విషయసూచిక సాధారణంగా చివర రాస్తారు, అది లేకపోతే ఫైలు తెరుచుకోదు. స్క్రీన్ రికార్డింగులు, ఫంక్షన్ల రికార్డింగులు చేసేవాళ్లు ఎంకేవీలో పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

కోడెక్ ప్యాకులు (రకరకాల వీడియోలు ఆడించడానికి విడిగా వేసుకునే ప్రోగ్రాములు), మూలమూలలా ప్రకటనలు చూపించే ప్లేయర్లు నేనూ వాడి చూశాను. పేరున్న ఒక ప్లేయర్ తనతో పాటు బ్రౌజర్‌లో ఏదో సెర్చ్ పట్టీ అంటించి వెళ్లింది, అది తీయడానికే సాయంత్రం గడిచిపోయింది. వీఎల్‌సీలో నాకు గౌరవం కలిగించేది ఇదే: ప్రకటనలు లేవు, మన మీద నిఘా లేదు. మొదటిసారి తెరిచినప్పుడే పాటల వివరాల కోసం నెట్‌కు వెళ్లవచ్చా అని అడుగుతుంది, వద్దంటే వెళ్లదు. 1996లో ఫ్రాన్స్‌లోని ఎకోల్ సెంట్రల్ పారిస్ అనే ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టింది, 2001 నుంచి జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద అందరిదీ అయింది. ప్రకటనల కోసం వచ్చిన పెద్ద మొత్తాలను కాదన్నామని ఆ బృందం నాయకుడు జ్యాఁ-బాప్టిస్ట్ కెంఫ్ స్వయంగా చెప్పారు.

2022లో మన దేశంలో వీఎల్‌సీ తయారుచేసే వీడియోలాన్ సంస్థ వెబ్‌సైటు తెరుచుకోని రోజులున్నాయి, ఆ ఏడాది నవంబరులో ఆంక్ష తొలగింది. ఆ రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో దించుకున్న వీఎల్‌సీ మీ కంప్యూటర్‌లో ఉంటే తీసేసి, వీడియోలాన్ డాట్ ఆర్గ్ నుంచి మళ్లీ దించుకోండి. వేసుకున్న వెంటనే యూటీఎఫ్-8, నిర్మల యూఐ పెట్టేయండి. ఆ తర్వాత పెళ్లి డీవీడీ ఒకటి పెట్టి డి మీట నొక్కి చూడండి.